వెలుగులోకి ఎత్తని అప్పడం

ఆవిడ పోయారన్న కబురు నాకు మొదట తెచ్చింది నందిగామలో ఉండే మా మేనత్త. వినగానే దేవుడి ముందు దీపం పెట్టి, ఆవిడ చేసిన మేలు తలచుకున్నాను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో ఆవిడ జగ్గయ్యపేటలో ఆడవాళ్ళ చేత అప్పడాలు చేయించి అమ్మేవారు. మేమంతా పిన్నిగారూ అని పిలిచేవాళ్ళం. ఒత్తిన ప్రతి అప్పడాన్నీ వెలుగులోకి ఎత్తి చూసేవారు. కాస్త మందం కనిపించినా, అంచు వంకరపోయినా నలిపి మళ్ళీ పిండిలో కలిపేసేవారు. సగం పని మళ్ళీ మొదటికొచ్చేది.

మా అమ్మ నన్ను వెంటబెట్టుకుని అక్కడే అప్పడాలు ఒత్తడానికి వెళ్ళేది. జ్వరం నుంచి లేచాక ఆమెకు చేతులు వణికేవి. ఆ పని పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. ఒకరోజు పిన్నిగారు బజారు నుంచి వచ్చేసరికి అమ్మ ఒత్తినవి ఎండలో ఆరిపోయాయి, ఇక నలిపి పిండిలో కలపడానికి లేదు. పెళ్ళికని అప్పడాలు కొనడానికొచ్చిన నందిగామ షావుకారు వాటిలో ఒకటి తీసి నవ్వాడు.

"ఏందండీ పిన్నిగారూ, మీ దగ్గర కూడా వంకర అప్పడాలేనా? ఆమెని మానిపించండి."

పిన్నిగారు దాన్ని వెలుగులోకి ఎత్తారు. అమ్మ తల దించుకుంది. ఆవిడ చూపు అప్పడం మీద నుంచి అమ్మ చేతుల మీదకు జారి, అక్కడే ఆగింది. ఆ అప్పడాన్ని వేయించి షావుకారు చేతిలో పెట్టారు.

"తినండి. రుచేమన్నా వంకరపోయిందా?"

"రుచి కాదండీ, పెళ్ళివారు ఏమంటారో..."

"అననీయండి. ఆమె ఒత్తుద్ది, నేను అమ్ముతా. వద్దనుకుంటే మీ బస్సుకి వేళయింది."

అతను వట్టి చేతులతో వెళ్ళిపోయాడు. పిన్నిగారు మా పక్కన చతికిలబడి, తనూ ఒక అప్పడం ఒత్తి, వెలుగులోకి ఎత్తకుండానే ఎండలో వేశారు. ఆ తరవాత ఎవరిదీ ఎత్తి చూడలేదు.

మీ విస్తట్లో ఎప్పుడైనా వంకర అప్పడం పడితే పక్కకు నెట్టకండి. ఆవిడను ఒక్కసారి తలచుకోండి.