జిప్పులక్క గుమ్మంలో ఎండ

చలికాలం వచ్చిందని ఆ వీధిలో అందరికంటే ముందు తెలిసేది జిప్పులక్కకే. పొద్దున్నే వచ్చి కొట్టు షట్టరు ఎత్తబోయేసరికి మెట్టు మీద ఎవరో ఒకరు కాచుకుని ఉంటారు. చేతిలో కోటు, మొహంలో తొందర. ఆ కోటు జిప్పు నిరుడు చలి తగ్గిన రోజుల్లోనే పాడై ఉంటుంది. ఎండాకాలమంతా బీరువాలో పడుకుని, వానాకాలమంతా అక్కడే దొర్లి, మొదటి చలిగాలి తగిలిన పొద్దున సరిగ్గా దానికి ప్రాణం మీదికి వస్తుంది.

"అక్కా, ఇప్పుడే కావాలి. ఇది వేసుకునే ఆఫీసుకి వెళ్లాలి."

"ఇన్నాళ్లూ ఏం చేశావమ్మా?"

"ఇన్నాళ్లూ చలి లేదు కదక్కా!"

ఏటా ఇదే ప్రశ్న, ఇదే జవాబు. ఈ జవాబుకి తిరుగు ఏం చెప్పాలో ఆమెకి ఇంతవరకూ తట్టలేదు. అందుకే పళ్లు బిగించి, చిన్న పట్టకారు తీసుకుని, ఊడిపోయిన రన్నరుని జిప్పు పళ్ల వరస మీదికి ఎక్కించే పనిలో పడేది.

నిజానికి ఆమె జిప్పులు వేసుకుని బతకడానికి కుట్టుపని నేర్చుకోలేదు. నేర్పింది మేనత్త. కుట్టు వెంట్రుకవాసి పక్కకి పోయినా టేపు మడిచి వేళ్ల మీద ఒక్కటిచ్చే మేనత్త. ఆ దెబ్బల పుణ్యమా అని కాలరు అంచు కత్తిలా తీర్చడం, కుచ్చుల గౌనుకి లోపలి కుట్టు బయటి కంటికి ఆనకుండా వేయడం ఆమెకి చేతి అలవాటైపోయాయి. ఏడాదిలో మిగతా కాలమంతా ఆమె మంచి టైలరే. చలి మొదలైతే చాలు, వట్టి జిప్పులక్క. ఆ పేరు ఏడాది పొడుగునా అంటుకుపోయింది. కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉందని కరెంటు బిల్లు వచ్చినప్పుడు తప్ప ఆమెకే గుర్తుకు రాదు.

కొట్టంటే మేడమెట్ల కింద ఒక గది. ఒక కుట్టుమిషను, ఒక బల్ల, ఇస్త్రీపెట్టె, మూలన కర్టెన్ వెనక నిలువుటద్దం. చలి గాల్లోంచి కాదు, నేలలోంచి పైకి పాకేది. చెప్పుల్లోంచి దూరి మోకాళ్ల దాకా ఎక్కేది. కత్తెర పట్టుకుంటే మంచుగడ్డ పట్టుకున్నట్టే. వేళ్లు మొద్దుబారిపోయి సూదిలోకి దారం ఎక్కేది కాదు, ఎక్కిన సూది గుడ్డలో కాకుండా వేలిలో దిగేది. అప్పుడప్పుడూ ఇస్త్రీపెట్టె వేడి చేసి దాని పైన చేతులు ఆడించుకునేది.

"ఏం ఇస్త్రీ చేస్తున్నావక్కా?" అనేవాళ్లు వచ్చినవాళ్లు.

"నన్ను నేనే చేసుకుంటున్నా. నువ్వు ముందు ఆ షట్టరు కాస్త దించు, గాలి వస్తోంది" అనేది.

ఇంటికి వెళ్తే అయినా సుఖమా అంటే అదీ లేదు. మొగుడికి కోల్డు స్టోరేజిలో ఉద్యోగం. పగలంతా గడ్డకట్టిన గోదాముల్లో పెట్టెలు ఎత్తించి వచ్చిన మనిషికి ఇల్లు కొలిమిలా అనిపించేది. వస్తూనే చొక్కా విప్పేసి, వట్టి బనీనుతో కూర్చుని, కిటికీ బార్లా తెరిచేవాడు.

"ఏమండీ, మూయండి! చచ్చిపోతున్నాను."

"ఇదేం చలే పిచ్చిదానా! ఒక్కరోజు మా గోదాముకి రా, చలంటే ఏంటో చూపిస్తా."

ఆయన ఆ మాట ఆనందంగా అనేవాడు. ఏటా కొత్తగా అన్నట్టు అనేవాడు. ఆమె లేచి కిటికీ మూసేది. ఆమె వంటింట్లోకి వెళ్లగానే మళ్లీ కిర్రుమనేది.

ఇన్ని చికాకుల మధ్య ఆమెకున్న ఒకే ఒక సుఖం ఎండ. కొట్టుకి ఎదురుగా ఉన్న డాబాకీ దాని పక్క మేడకీ మధ్య ఒక సందు ఉంది. పొద్దు కాస్త పైకి ఎక్కాక ఎండ ఆ సందులోంచి దూరి వచ్చి సరిగ్గా జిప్పులక్క గుమ్మంలో పడేది, భోజనాల వేళ దాకా ఉండేది. ఆమె స్టూలు బయటికి లాక్కుని, వీపు ఎండకి పెట్టి, చేతికుట్టు పనులన్నీ అప్పుడు చేసుకునేది. గౌన్ల అంచులు మడవడం, కాజాలు, గుండీలు. వీపు మీద వెచ్చదనం మెల్లిగా భుజాల్లోకి, అక్కణ్నుంచి వేళ్లలోకి దిగేది. ఆ కాసేపూ ఆమెని ఎవరైనా జిప్పు గురించి అడిగితే వినబడనట్టు ఊరుకునేది.

ఈ ఏడు ఆ ఎండ రాలేదు.

మొదటి రోజు మబ్బేమో అనుకుంది. తలెత్తి చూస్తే ఆకాశం తుడిచినట్టుంది. సందుకి అడ్డంగా మాత్రం ఒక పెద్ద గుండ్రటి బోర్డు నిలబడి ఉంది. గడియారం బొమ్మ. రాత్రికి రాత్రే ఎదురు డాబా పిట్టగోడకి ఇనప కమ్ములతో బిగించేశారు. ముళ్లు ఉన్నాయి గాని తిరగవు. దాని నీడ ఆమె గుమ్మం నిండా చెంబులో నీళ్లలా నిండిపోయింది. ఒకపక్క మేడమెట్లు, ఇంకోపక్క ఎప్పుడూ కారుతూ ఉండే వీధికుళాయి. స్టూలు జరుపుకుందామన్నా చోటు లేదు.

ఆ డాబా కింద గడియారాలు బాగుచేసే కొట్టు. నడిపేది ఒక పెద్దాయన. వీధిలో అందరికీ ఆయన గడియారాల బాబాయి. జిప్పులక్క రెండడుగుల్లో వీధి దాటేసింది.

"బాబాయిగారూ, ఆ బోర్డు ఏంటండీ?"

బాబాయి కంటికి పెట్టుకున్న భూతద్దం పైకి జరిపి మొహమంతా నవ్వాడు. "చూశావా అమ్మాయ్? బావుందా? వీధి చివర్నుంచి కూడా కనిపిస్తోందట."

"కనిపించకేం! నా ఎండంతా మింగేసి కూర్చుంది."

"నీ ఎండా?"

"మా గుమ్మంలో పడే ఎండ. కొంచెం పక్కకి జరిపించండి."

బాబాయి నవ్వు కాస్త తగ్గింది. "ఈ రోజుల్లో టైము ఎంతైందంటే అందరూ జేబులోంచి ఫోను తీస్తున్నారు. ఇక్కడ గడియారాల కొట్టు ఉందన్న సంగతే జనం మర్చిపోయారు. మా అమ్మాయి పట్టుబట్టి చేయించి పంపింది. ఇటు జరిపితే కరెంటు తీగలు, అటు జరిపితే పక్కింటివాళ్ల గోడ. ఎక్కడికని జరపను?"

తిట్టడానికి వీల్లేకుండా మాట్లాడే మనిషంటే ఆమెకి మహా ఒళ్లుమంట. వెనక్కి వచ్చి, ఆ కోపమంతా మిషను మీద చూపించి, ఒక బాబిన్ దారం చిక్కుముళ్లు వేసింది.

సాయంత్రం అన్నం దగ్గర మొగుడికి చెప్పింది. ఆయన అంతా విని, "ఎండ ఎవరి సొత్తే?" అని, చేయి చాపి కిటికీ ఇంకాస్త తెరిచాడు. ఆమె కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్లి పొయ్యి పక్కన కూర్చుని తింది.

మర్నాడు ఆమెకి ఒక ఉపాయం తోచింది. బోర్డు అంచు పక్కనుంచి జారిన ఎండ ముక్క ఒకటి కుళాయి దగ్గర పడుతోంది. తడినేల, కూర్చోవడానికి పనికిరాదు. అద్దం నిలబెట్టడానికి మాత్రం బాగానే పనికొస్తుంది. కర్టెన్ వెనక నిలువుటద్దం మోసుకొచ్చి, కుళాయి దిమ్మెకి ఆనించి, ఇటు తిప్పి అటు తిప్పి, ఎండని పట్టి తెచ్చి తన స్టూలు మీద పడేసింది. నిజం ఎండంత కాదు గాని వెలుగుంది, కాస్త వెచ్చదనం కూడా ఉంది. తన తెలివికి తనే మురిసిపోయి ఒక గౌను అంచు తీసుకుని కూర్చుంది.

సగం అంచు కూడా కాలేదు. ఎదుటి కొట్లోంచి కేక వినిపించింది.

"అయ్యో! అయ్యో, పోయింది!"

పొద్దు కదిలింది, అద్దంలో ఎండ కూడా కదిలింది. నేరుగా వెళ్లి బాబాయి భూతద్దంలో పడింది. ఆయన పట్టకారుతో పట్టుకున్న వెంట్రుకంత స్క్రూ చేజారి ఎక్కడికో ఎగిరిపోయింది.

జిప్పులక్క అద్దం బోర్లించి పరుగెత్తింది. బాబాయి అప్పటికే బల్ల కింద మోకాళ్ల మీద ఉన్నాడు. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, వెనక్కి పరుగెత్తి, కిందపడిన గుండుసూదులు ఏరుకునే అయస్కాంతం పట్టుకొచ్చింది.

"ఉండండి, ఒక్క నిమిషంలో తీసేస్తా."

"వద్దూ!" బాబాయి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "అయస్కాంతమా? గడియారాల కొట్లోకి? బల్ల మీద ఉన్నవన్నీ పాడైపోతాయి తల్లీ! అవతల పెట్టిరా!"

సాయం చేయబోయినా తిట్లే. ఆమె అయస్కాంతాన్ని వీధి అవతల పెట్టి మూడోసారి దాటి వచ్చి, తనూ నేల మీద కూర్చుంది. ఇద్దరూ అరచేతులతో నేలంతా తడిమారు. అప్పుడు తెలిసింది ఆమెకి, ఆ నేల తన కొట్టు నేలకంటే చల్లగా ఉందని. ఆ కొట్టు మొహం ఉత్తరానికి. పొద్దు ఎప్పుడూ దాని వెనకే నడుస్తుంది. ఆ గుమ్మంలో ఎండ పడ్డ రోజంటూ లేదు, ఈ బోర్డు లేనప్పుడు కూడా.

"మీకిక్కడ ఎండే రాదా బాబాయిగారూ?"

"ఎక్కణ్నుంచి వస్తుందీ? ఇందాక వచ్చిందే, అదే మొదటిసారి. సూటిగా కంట్లోకి వచ్చింది."

మరి ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అనలేదేం అని అడగబోయి ఆగిపోయింది. తను ఎండ కోసం పోట్లాడింది అసలు ఎండే లేని మనిషితోనా! జాలిపడాల్సిన చోట ఆమెకి చికాకు పుట్టింది. కోపాన్ని కూడా తిన్నగా పడనివ్వడు ఈయన.

స్క్రూ మాత్రం దొరకలేదు. బల్ల కింద లేదు, చాప మడతలో లేదు. బాబాయి విసిగిపోయి చేతులు దులుపుకోబోయాడు.

"కదలకండి" అంది జిప్పులక్క.

ఆయన చేతులకి పాత ఉన్ని తొడుగులు ఉన్నాయి. వేళ్లు ఆడటానికి వీలుగా కొసలు కత్తిరించేసుకున్నాడు. కత్తిరించిన చోటల్లా ఉన్ని పోగులు ఊడి వేలాడుతున్నాయి. ఎడమచేతి బొటనవేలి దగ్గర, ఆ పోగుల్లో, స్క్రూ తళుక్కుమంటోంది.

బాబాయి పట్టకారుతో దాన్ని జాగ్రత్తగా తీసి, గిన్నెలో పెట్టి, మూత వేసి, అప్పుడు ఊపిరి వదిలాడు. ఆమె చూపు మాత్రం తొడుగుల మీదే ఉంది.

"వీటిని కత్తిరించిందెవరు?"

"నేనే."

"దేంతో?"

"రేకు కోసే కత్తెర ఉంటే..."

"రేకు కత్తెరతోనా! ఎదురుగా టైలరు కొట్టు పెట్టుకుని!" ఆమె గొంతు మొన్న బోర్డు మీద వచ్చిన కోపానికి రెట్టింపు లేచింది. "విప్పండి. రెండూ ఇటివ్వండి. అంచు కుట్టకుండా ఉన్ని కత్తిరిస్తారా ఎవరైనా? చిన్నపిల్లలు నయం."

బాబాయి బుద్ధిగా విప్పి ఇచ్చాడు. ఆయన వేలికొసలు నీలంగా ఉన్నాయి. ఆమె అటు చూడనట్టే తొడుగులు చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లింది.

"అమ్మాయ్" అన్నాడాయన వెనకనుంచి. "మా డాబా మెట్లున్నాయి కదా, బయటివైపు. పైమెట్ల మీద బోలెడంత ఎండ. అక్కణ్నుంచి నీ కొట్టు కూడా కనిపిస్తుంది. కావాలంటే వచ్చి కూర్చో."

"మరి మీరెందుకు కూర్చోరు?"

"గాలమ్మా! ఈ చిన్న సామానంతా ఎగిరిపోదూ? అన్నం తినేటప్పుడు మాత్రం వెళ్తాను."

ఇంత సులువైన సంగతి ఇన్నాళ్లూ తనకెందుకు తట్టలేదని ఆమె తన మీద తనే విసుక్కుంది. మర్నాడే వెళ్లి కూర్చుందామనుకుంది.

మర్నాడు పొగమంచు. ఆ మర్నాడూ పొగమంచే. ఎదురుగా ఉన్న గడియారం బోర్డు కూడా కనపడనంత మంచు. సూర్యుడనేవాడు ఉన్నాడో లేడో అనిపించేలా రోజులు గడిచాయి. వీధిలో జనమంతా కోట్లు బయటికి తీశారు, కోట్లన్నిటికీ జిప్పులు ఊడాయి. జిప్పులక్క ముక్కు కారుతూ, కాళ్లకింద గోనెపట్టా వేసుకుని, అందరినీ తిడుతూ పనిచేసింది. మధ్యలో ఎప్పుడో బాబాయి తొడుగుల అంచులు మడిచి, పోగు ఊడకుండా చుట్టుకుట్టు వేసి పంపింది. "చాలా బావున్నాయి" అని అటునుంచి కబురొచ్చింది. "బావుండకేం" అని ఇటునుంచి వెళ్లింది.

మంచు విడిపోయిన రోజున ఆమె షట్టరు సగం దించి, గౌనూ సూదీ తీసుకుని బాబాయి మెట్లెక్కింది. పైమెట్టు మీద కూర్చుని వీపు ఎండకి పెట్టింది. అబ్బ! గుమ్మంలో పడే ఎండ దీని ముందు ఏపాటిది? ఎముకల్లోంచి చలి కరిగి కారిపోతున్నట్టుంది. కళ్లు వాటంతటవే మూతపడ్డాయి.

"జిప్పులక్కా!" కిందనుంచి ఎవరో కోటు ఊపుతున్నారు.

దిగింది. రన్నరు ఎక్కించి ఇచ్చింది. ఎక్కింది. సూది పట్టుకుందో లేదో మళ్లీ కేక. మళ్లీ దిగింది. మళ్లీ ఎక్కేసరికి మోకాళ్లు మొర్రోమన్నాయి. పైమెట్టు మీద బాబాయి కూడా ఉన్నాడు, అన్నం డబ్బా విప్పుకుని.

"ఒక గోడగడియారం వచ్చిందమ్మాయ్, పొద్దున" అని మొదలుపెట్టాడు. అది ఎవరింటిదో, ఎవరి కాలంనాటిదో, దాని లోలకం ఎందుకు ఎడమవైపుకి లాగుతోందో, ఇంతకుముందు అలాంటిది ఇంకోటి ఎప్పుడొచ్చిందో, అప్పుడేమైందో, అన్నీ చెప్పుకుపోయాడు. జిప్పులక్క గౌను అంచులో కుట్లు లెక్క తప్పింది. విప్పింది. మళ్లీ తప్పింది.

"బాబాయిగారూ, మీకు దణ్ణం పెడతాను. కాసేపు మాట్లాడకండి."

బాబాయి చిన్నబుచ్చుకుని ఊరుకున్నాడు. నాలుగు ముద్దలు తిన్నాడు. డబ్బా మూత పెట్టి, తొడుగులు వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వీధిలోకి చూశాడు. ఆకాశంలోకి చూశాడు.

"మాట్లాడకుండా కూర్చుంటే చలేస్తుందమ్మాయ్" అన్నాడు చివరికి, మెల్లిగా.

జిప్పులక్క ఆయన్ని ఒక చూపు చూసింది. నవ్వు రాబోతే పెదవి కొరికి ఆపుకుంది.

"సరే, చెప్పండి. ఆ లోలకం ఏమైందీ?"

ఆయన మొహం విచ్చుకుంది. ఆమె నిట్టూర్చి, సూదిలో కొత్త దారం ఎక్కించుకుని, వీపుని ఇంకాస్త ఎండవైపు జరుపుకుంది.