స్లైట్ సారు

లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఫోన్ ఎత్తడం ఆయన ఉద్యోగం. అసలు పేరు ఇంట్లోవాళ్లకైనా గుర్తుందో లేదో గానీ, ఊళ్లో అపార్టుమెంట్ల వాళ్లందరికీ ఆయన స్లైట్ సారు. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయి లోపల ఓ ముసలావిడ గగ్గోలు పెడుతుంటే, తేనె పూసిన గొంతుతో "స్లైట్ డిలే అమ్మా" అనేవాడు. తాడు తెగేలా ఉందని ఎవరైనా మొత్తుకుంటే "మైనర్ ఇష్యూ". మెకానిక్ ఈ వారం రాడని తేలితే "జస్ట్ ఎ లిటిల్ టైమ్". కష్టాన్ని తెలుగులో కష్టం అంటే అవతలివాడు పోట్లాటకు దిగుతాడట, ఇంగ్లీషులో చిన్నది చేసి చెబితే నోరు మూసుకుంటాడట. ఈ బ్రహ్మవిద్యను కొత్తగా చేరినవాళ్లకు కూడా నూరిపోశాడు మహానుభావుడు.

ఇంట్లోనూ అదే వరస. వంటగది పైకప్పు పెచ్చులూడి కూరగిన్నెలో పడ్డా, "టైనీ క్రాకేలేవే" అని పేపరు తిరగేసేవాడు. ఆ మాట వినగానే భార్య గిన్నెలన్నీ పక్కగదిలోకి మోసుకుపోయేది. ఆయన మాట ఎంత చిన్నదైతే ముప్పు అంత పెద్దదని ఆవిడకు అనుభవం.

అలాంటి ఆవిడకు మెడ దగ్గర గడ్డ లేచింది. పరీక్షలయ్యాక డాక్టరమ్మ ఆయన్ని గదిలోకి పిలిచి చిరునవ్వుతో చెప్పింది.

"కంగారేం లేదండీ. స్మాల్ లంప్. రేపు మైనర్ సర్జరీ చేసి తీసేస్తాం."

సారు కుర్చీలో ముందుకు జరిగాడు. ఆ చిరునవ్వు, ఆ తేనె గొంతు ఆయనకు తెలియనివా?

"అమ్మా, మీకు పుణ్యముంటుంది, తెలుగులో చెప్పండి."

"చిన్న గడ్డండీ."

"చిన్న అంటే?"

"చిన్న అంటే చిన్నేనండీ!" డాక్టరమ్మకు విసుగొచ్చింది. "చెడ్డ గడ్డ కాదని రిపోర్టు కూడా వచ్చింది కదా."

నమ్మితేగా! ఇన్నేళ్లూ ఊరందరినీ నమ్మించినవాడికి తాను నమ్మడం మాత్రం చేతకాలేదు.

వార్డులో భార్య మంచం మీద కూర్చుని జడ అల్లుకుంటోంది.

"ఏమన్నారండీ?"

"స్మా..." అనబోయి ఆగిపోయాడు. అప్పటికే ఆవిడ ముఖం పాలిపోయింది. చిన్నదంటే హడలిపోతుంది. పెద్దదంటే అబద్ధం. ఆవిడ నమ్మేలా నిజం చెప్పడానికి ఆయన దగ్గర ఒక్క మాట కూడా మిగల్లేదు.

"ఏం లేదనే అంటోందే డాక్టరమ్మ," అన్నాడు చివరికి, గొంతు బొంగురుపోయి. "నాకే నమ్మకం కుదరట్లేదు. నీకేమైనా అయితే నేను బతకలేను. చాలా భయంగా ఉందే." అంటూనే అందరి ముందూ బావురుమన్నాడు.

ఆవిడ జడ వదిలేసి ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ఓహో! నిజం చెప్పేటప్పుడు మీ గొంతు ఇలా ఉంటుందన్నమాట. ఇన్నేళ్లకు విన్నాను," అంది.

తర్వాత ఆయనకు చోటిచ్చి గోడవైపు జరిగి, నిశ్చింతగా కళ్లు మూసుకుంది.