ఆ బీరులో నీళ్లు

మొన్నటి ఎండాకాలంలో కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సెక్కాను. ముందు సీటులో ఇద్దరు స్నేహితులు, ఎవరో చుట్టం కరీబియన్ దీవుల నుంచి తెచ్చిన బీరు గురించి మాట్లాడుకుంటున్నారు.

"అక్కడ అన్నిట్ల చవకదట అది. ఉత్త నీళ్లు తాగినట్టే ఉండె," అన్నాడొకడు.

"చల్లగుంటే మంచిగనే పోతది," అన్నాడు రెండోవాడు.

వాళ్ల మాటల్లో ఆ బీరు పేరు వినగానే నా పక్క సీటులోని పెద్దాయన ముందుకు వంగాడు.

"నేను వడగట్టిన నీళ్లే తమ్మీ అవి."

ఇద్దరూ వెనక్కి తిరిగారు. ఆ దీవుల్లోనే, ఆ బీరు కంపెనీలో నీళ్లు శుభ్రం చేసే చోట తొమ్మిదేళ్లు పనిచేశానని చెప్పాడాయన. గొంతు పెంచలేదు.

"నేనైతే బీరు తాగ. పలుచగుంటదని అక్కడోళ్లు గూడ అంటరు. కాని ఎండల చెరుకు కొట్టి వచ్చినోళ్లు అదే అడుగుతరు. రోజూ పొద్దుగాల ఆ నీళ్లు నేను తాగి చూసినంకనే మిషన్ నడిచేది. ఒక్కనాడు గూడ వాసన రానియ్యలే."

"వాసనైతే రాలే బాపు. నిజమే," అన్నాడు మొదటివాడు.

ఆయన తృప్తిగా వెనక్కి ఆనుకుని, "నువ్వేం పనిచేస్తవు బిడ్డా?" అని నన్నడిగాడు.

ఎవరడిగినా ఏదో చిన్న పనిలే అని దాటేసేదాన్ని. నేను చేసే పప్పు పలుచగా ఉంటుందని మా సార్లు కూడా నవ్వుతారు.

"సర్కారు బడిల వంట చేస్త. నూటపది మంది పిల్లలు నా చేతి అన్నమే తింటరు," అన్నాను, ముందు సీటు వాళ్లకూ వినబడేలా.