మెనూ చివరి పేజీ, మా గ్రేసీ కడుపు

ఆదివారం చర్చిలో ప్రసంగం మొదలైన కాసేపటికి మా ఎనిమిదేళ్ల గ్రేసీ నా చొక్కా లాగి, "డాడీ, కడుపు నొస్తుంది" అంది. మా ఇంట్లో ప్రసంగానికీ కడుపునొప్పికీ పాత పరిచయమే. నాకూ రెండుసార్లు వచ్చింది. అందుకని పట్టించుకోలేదు. చివరి పాట వచ్చేసరికి పిల్ల బెంచీ మీద ముడుచుకుపోయింది.

అపెండిక్స్ అనుకుని హడలిపోయాం. మా అన్న కొడుక్కి ఇలాగే మొదలై ఆపరేషన్ దాకా వెళ్లింది. గోదావరిఖనిలో పిల్లల డాక్టరు పొట్ట నొక్కి చూసి అల్ట్రాసౌండ్ రాశాడు. రిపోర్టు వచ్చేదాకా నా భార్య సునీత ప్రార్థన చేసింది. నేను గోడ మీది ఫైర్ ఎగ్జిట్ బోర్డు పదిసార్లు చదివాను.

"అపెండిక్స్ మంచిగనే ఉంది. ఇది కాన్‌స్టిపేషన్. మలం గట్టిపడి లోపలనే పేరుకపోయింది" అన్నాడు డాక్టరు. "ఎన్ని దినాలకోసారి పోతది పాప?"

చదువుకున్న తల్లిదండ్రులం, ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. గ్రేసీయే చెప్పింది.

"నాలుగు దినాలకు, సార్. ఏడ్చుకుంట పోత."

ఆపరేషన్ లేదన్న సంతోషం ఆ మాటతో సగమైపోయింది.

"ఏం తింటది?"

"అన్నం, పప్పు, కూరగాయలు అన్నీ పెడ్తం, సార్" అంది సునీత.

"ఎప్పుడు పెట్టినవ్ మమ్మీ? హోటల్‌కే కదా పోతం!"

ఇక్కడ కొంత వివరణ అవసరం. మాది సెంటినరీ కాలనీ. నేను బొగ్గుగనిలో ఓవర్‌మన్‌ని, అంటే గని లోపల షిఫ్టు పనినీ మనుషుల భద్రతనూ చూసేవాణ్ని. సునీత టీచర్. మొదటి షిఫ్టు వారంలో సాయంత్రాలు ఇంట్లో ఉంటాను కనుక హోటల్. రెండో షిఫ్టు వారంలో ఉండను కనుక పార్సిల్. రాత్రి షిఫ్టు వారంలో డ్యూటీకి ముందు అందరం కలిసి తినాలి కనుక మళ్లీ హోటల్. షిఫ్టులు మూడే కాబట్టి సరిపోయింది.

ఆ హోటల్ మెనూ చివరి పేజీలో ఒక ఎలుగుబంటి బొమ్మ, దాని కింద "పిల్లల కోసం" అని ఉంటుంది. ఫ్రెంచ్ ఫ్రైస్, నగ్గెట్స్, నూడుల్స్, చీజ్ పాస్తా. ఏది తీసుకున్నా కూల్‌డ్రింక్ ఉచితం. పేజీ మొత్తంలో ఆకుపచ్చగా ఉన్నది ఎలుగుబంటి టోపీ ఒక్కటే. పిల్లల సిరప్‌లాగా ఇదీ ఎవరో పిల్లల గురించి ఆలోచించి రాసిందే అనుకున్నాను. గనిలో బోర్డు మీద రాసింది నమ్మనివాడు ఎక్కువకాలం డ్యూటీ చెయ్యడు. అదే అలవాటు ఎలుగుబంటి దగ్గరా పనిచేసింది.

ఎనిమా ఇచ్చారు. దాని గురించి ఇంతకంటే రాయొద్దని గ్రేసీ నా దగ్గర మాట తీసుకుంది. తర్వాత రోజూ మలం మెత్తబరిచే లాక్టులోజ్ సిరప్, నీళ్లు, పండ్లు, తిన్నాక పది నిమిషాలు కమోడ్ మీద కూర్చోవడం.

"ఫైబర్ పెంచుండ్రి. మందు మీ అంతట మీరు బంద్ చెయ్యకుండ్రి" అన్నాడు డాక్టరు.

మూడు వారాలకు పిల్ల పాడుకుంటూ బాత్రూం నుంచి బయటికొచ్చింది. ఇంకేం, మా అంతట మేమే మందు బంద్ చేశాం. ఆ శనివారం స్నేహితురాలి బర్త్‌డే. అదే హోటల్, అదే ఎలుగుబంటి. బుధవారానికి నొప్పి, బడికి సెలవు, మళ్లీ దవాఖాన.

"ఓవర్‌మన్ సాబ్, గనిల మీ మాట విననోన్ని ఏం జేస్తరు?" అని అడిగాడు డాక్టరు.

"కిందికి దిగనియ్య, సార్."

"మరి మిమ్ముల ఏం జెయ్యాలె?"

జవాబు గ్రేసీ దగ్గర ఉన్నట్టుంది గాని, చెప్పకుండా దయ చూపింది.

ఈసారి నెలల తరబడి మందు వాడి, డాక్టరు చెప్పినప్పుడే మెల్లగా తగ్గించాం. సాయంత్రం వంట ఎవరు ఇంట్లో ఉంటే వాళ్లది. నా సొరకాయ పప్పును ఇంట్లో ఇంతవరకు ఎవరూ మెచ్చుకోలేదు, ఎవరూ వదిలేయనూ లేదు. ఇప్పుడు గ్రేసీ రోజూ పొద్దున్నే, ఏడవకుండా, తన డ్యూటీ తాను ముగించుకొస్తోంది.

నేను చెప్పగలిగింది ఒక్కటే. పిల్లలతో హోటల్‌కి వెళ్తే ఆ చివరి పేజీ తెరవకండి. పెద్దల పేజీలోని కూర, పప్పు, రొట్టెల్లోంచే కొంచెం, కారం తగ్గించి ఇవ్వమని అడగండి. మా హోటల్‌వాళ్లు ఎప్పుడూ కాదనలేదు. కాస్త వింతగా చూశారంతే.

మొన్న సర్వర్ అలవాటుగా ఎలుగుబంటి పేజీ తెరిచి గ్రేసీ ముందు పెట్టాడు. గ్రేసీ మర్యాదగా దాన్ని మూసి తిరిగి ఇచ్చేసింది.

"గా పేజీ పిల్లలది, అంకుల్. నాకు జొన్నరొట్టె, పాలకూర పప్పు. కారం తక్కువ."