అరవై మూడు కాసుల రివాల్వరు

తెనాలిలో నాగరత్నం చేతిలో నగ పెడితే కాటా అవసరం లేదని ఊరంతా ఒప్పుకుంటుంది. అరచేతిలో రెండుసార్లు ఎగరేసి బరువు చెప్పేస్తుంది. ఒకసారి రేపల్లె ప్యాసింజర్లో గొలుసు మీద ఈగ వాలి ఉంటే, ఈగ బరువు తీసేసి మరీ చెప్పిందట. ఈగ లేచిపోయాక కాటాలో పెట్టి చూస్తే ఒక్క మిల్లీ కూడా తేడా రాలేదట. ఈ మాట చెప్పేవాళ్ళెవరూ ఆ రోజు ఆ పెట్టెలో లేరు. అయినా అంత కచ్చితంగా చెబుతున్నప్పుడు నమ్మడమే మర్యాద.

ఇరవై రెండేళ్ళుగా ఆవిడ పని ఒక్కటే. రేపల్లె, చెరుకుపల్లి, బాపట్ల ఇళ్ళలో పాత బంగారం తీసుకుని తెనాలిలో పుట్టింటివాళ్ళ కొట్లో కొత్త నగలు చేయించడం, వాటిని మళ్ళీ ఆ ఇళ్ళకు చేర్చడం. రసీదు లేదు, సంతకం లేదు. నాగరత్నం చేతికిచ్చామంటే బీరువాలో పెట్టి తాళం వేసినట్టే.

ఆ తాళం రెండున్నరేళ్ళ కిందట బాపట్ల బస్టాండు బయట పగిలింది. పట్టపగలు, బండి మీద వచ్చిన ఇద్దరు ఆవిడ భుజాన ఉన్న హ్యాండ్‌బ్యాగు లాక్కుపోయారు. ఆవిడ విసిరిన చెప్పు తగిలి, వెనక కూర్చున్నవాడు ఇప్పటికీ బోర్లా పడుకుంటున్నాడని ఊళ్ళో చెప్పుకుంటారు. చెప్పు దొరికింది, బ్యాగు దొరకలేదు. అందులో చెరుకుపల్లి రాజరాజేశ్వరి కూతురి పెళ్ళి నల్లపూసలు, రెండు జతల గాజులు ఉన్నాయి. నాగరత్నం సొంత నగలు కరిగించి, ముహూర్తానికి రెండు రోజుల ముందే అన్నీ చేయించి ఇచ్చింది. రాజరాజేశ్వరి పల్లెత్తు మాట అనలేదు. మళ్ళీ బంగారం కూడా ఇవ్వలేదు. మిగతా ఇళ్ళవాళ్ళు ఇస్తూనే ఉన్నారు గానీ, ఇచ్చేటప్పుడు ఆవిడ మొహం బదులు భుజం వైపు చూస్తున్నారు. ఇంకొక్కసారి అలా జరిగితే ఆ చూపు కూడా ఉండదని ఆవిడకు తెలుసు.

అందుకని రివాల్వరుకు దరఖాస్తు పెట్టింది.

ఎంక్వైరీకి వచ్చిన కానిస్టేబులు వీధిలో ఒక్క గడప వదల్లేదు. ఈవిడ మనిషి ఎలాంటిది, కోపిష్టిదా, తుపాకీ ఇవ్వొచ్చా అని అడిగాడు. పక్కింటావిడ బాగా ఆలోచించి, "మనిషి మంచిదేనండి. కొళాయి దగ్గరికి మాత్రం తేకుండా చూడండి" అందట. రెండేళ్ళకు లైసెన్సు చేతికొచ్చేసరికి, బట్టల్లో దాచుకుని తిరగాల్సిన ఆ వస్తువు సంగతి తెనాలి కూరగాయల మార్కెట్ నుంచి రేపల్లె స్టేషన్ దాకా అందరికీ తెలుసు. తెలియనిదల్లా ఆవిడకే, ఏ రకం కొనాలన్నది. కొనడానికి లైసెన్సులో రాసిన గడువు నెలన్నర.

భర్త వెంకట సుబ్బయ్య తెలుగు మాస్టారుగా రిటైరైనవాడు. ఆయన్ని తోడు తీసుకుని విజయవాడలో తుపాకుల షాపుకు వెళ్ళింది. షాపాయన ఆవిడకు కుర్చీ చూపించి, మాస్టారి ముందు రెండు రివాల్వర్లు పెట్టాడు.

"మీ చేతికి ఎలా ఉందో చూడండి సార్."

"నాకు సుద్దముక్క తప్ప వేరే ఆయుధం అలవాటు లేదండి. లైసెన్సు ఆవిడది" అన్నాడు మాస్టారు.

"మేడమ్‌కా. అయితే ఈ చిన్నది బావుంటుంది సార్. హ్యాండ్‌బ్యాగులో పట్టేస్తుంది."

"వాళ్ళు ఎత్తుకుపోయిందే హ్యాండ్‌బ్యాగునండి" అంది నాగరత్నం. "మళ్ళీ అందులోనే పెడితే ఈసారి తుపాకీ కూడా చేతికందించినట్టు. నాకు రొంటిన ఉండాలి."

"అలాగే. బెల్టుకి తగిలించుకునే తోలు కవరుంది."

"నేను చీర కట్టుకుంటానండి."

షాపాయన అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చీర వైపు చూశాడు. ఆయన దగ్గర చీరకు తగిన కవరు లేదు, ఇంతవరకూ ఎవరూ అడగలేదు కూడా.

రెండిట్లోనూ ఆరేసి గుళ్ళే. ఒకటి పొట్టి గొట్టం, చిన్న పిడి, తేలిక. రెండోది అంగుళం పొడుగు, పిడి పెద్దది, బరువు. నాగరత్నం చిన్నదాన్ని అరచేతిలోకి తీసుకుని అలవాటు కొద్దీ రెండుసార్లు ఎగరేసింది. షాపాయన గుండె కూడా దాంతోపాటే ఎగిరింది.

"ఎగరెయ్యకండి మేడమ్."

"ఐదొందల నాలుగు గ్రాములు. అరవై మూడు కాసులు" అని, రెండోది కూడా ఎగరేసింది. "ఏడొందల ఇరవై. తొంభై కాసులు."

షాపాయన కాగితం తీసి చూసుకున్నాడు, రెండు అంకెలూ సరిపోయాయి. ఆవిడ రెండిటినీ న్యూస్‌పేపరు మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీసుకుంది. వెడల్పు, మందం దారంతో కొలుచుకుంది. షాపులో చెయ్యాల్సినవన్నీ చేసింది, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ అప్పుడు ఆవిడకు తోచలేదు.

తెనాలిలో నాటకాల వాళ్ళకు గదలూ కత్తులూ చేసే జమలయ్య ఆవిడకు వరసకు మరిది. తను చేసిన గదను చూసి ఒక ముసలి నటుడు భయపడి స్టేజీ దిగిపోయాడని చెప్పుకునే రకం. కాగితం మీది గీతలు చూపించి, కొనే ముందు రెండూ నడుముకు కట్టుకుని తిరిగి చూస్తానని నాగరత్నం చెబితే, రెండు చెక్క రివాల్వర్లు చెక్కి, లోపల సీసం పోసి తెచ్చాడు. ఆవిడ చిన్నదాన్ని ఎగరేసి వెనక్కిచ్చింది.

"మూడు గ్రాములు ఎక్కువుంది."

"వదినా, అది తుపాకీ. ముక్కుపుడక కాదు."

"మూడు గ్రాములు మూడు గ్రాములే జమలయ్యా."

జమలయ్య సణుక్కుంటూ మూడు గ్రాములు తోడాడు.

మొదటి వారం పెద్దదాన్ని దోపుకుని తిరిగింది. ప్యాసింజర్లో కూర్చుంటే పక్కటెముకల్లో పొడిచింది, నిలబడితే నడుము కుడిపక్కకు లాగింది. ఐదోరోజు బాపట్లలో టిఫిన్ హోటల్లో ఇడ్లీకి చెయ్యి చాచేసరికి జారి బండల మీద దభీమని పడింది. పక్క బల్ల వాళ్ళు ప్లేట్లతో సహా లేచి వెనక్కి జరిగారు. సప్లయరు వంగి తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అత్తా, మీ చెక్క."

ఎవరో కిసుక్కున నవ్వారు. పడినందుకు కాదు, చెక్కదని తెలిసిపోయినందుకు నాగరత్నానికి తల కొట్టేసినట్టయింది. ఇడ్లీ సగంలో వదిలేసి లేచిపోయింది.

రెండో వారం చిన్నది. ఇది రొంటిన కుదురుగా కూర్చుంది, బయటికి కనపడలేదు. బయటికి రాలేదు కూడా. వెనక కొక్కెంలా లేచి ఉండే సుత్తి కుచ్చిళ్ళలో చిక్కుకునేది. అద్దం ముందు నిలబడి లాగితే తుపాకీతోపాటు నాలుగు కుచ్చిళ్ళు వచ్చేవి. మాస్టారు వాచీ పట్టుకుని కూర్చున్నాడు.

"పదకొండు సెకన్లు. ఈపాటికి దొంగలు పొన్నూరు దాటారు."

"మీరు కాసేపు నోరు మూసుకుంటారా."

"నేను మూసుకుంటే సెకన్లు ఎవరు లెక్కపెడతారు రత్నం?"

మూడో వారం రేపల్లెలో టైలరు తోమాసు దగ్గరికి వెళ్ళింది. చెక్క రివాల్వర్ని మిషను మీద పెట్టి, దీన్ని దాచే లంగా కుట్టాలంది. తోమాసు మెడలో టేపు తీసి, నవ్వకుండా కొలిచాడు.

"జాకెట్టు కొలతలప్పుడు ఊపిరి బిగబట్టే వాళ్ళని చూశానమ్మా. ఇది బిగబట్టదు, నయం."

చీరాల నేత గుడ్డ, మందంది, నాలుగు మడతలు వేసి నడుము పట్టీ కుట్టాడు. కుడివైపు తుపాకీ అర, ఎడమవైపు బంగారం సంచి అర. సుత్తి చిక్కుకోకుండా పైన నున్నటి పట్టు ముక్క. మొదటిసారి బిగుతు, రెండోసారి వదులు, మూడోసారి అర రెండు వేళ్ళు కిందికి దిగింది. ప్రతిసారీ తెనాలి నుంచి రేపల్లెకు రానూ పోనూ. నాలుగోసారికి కుదిరింది. మాస్టారి వాచీలో మూడు సెకన్లు. ఆయనక్కూడా వంక దొరకలేదు.

గడువు ఇంకా ఆరు రోజులుంది. అరవై మూడు కాసులదే కొంటానని నాగరత్నం విజయవాడ బస్సెక్కింది. కాగితాలన్నీ రాశాక షాపాయన, "గుళ్ళు లేవు మేడమ్. కొనేముందు ఒకసారి ట్రిగ్గరు నొక్కి చూసుకోండి" అన్నాడు.

నొక్కింది. కదల్లేదు. పళ్ళు బిగించి నొక్కింది. ఏడేళ్ళ వయసు నుంచి నల్లపూసలు గుచ్చిన చూపుడువేలు అది, కణుపు దగ్గర ఎప్పుడో బిగుసుకుపోయింది. సగం దాకా వెళ్ళి వణికి ఆగిపోయింది. రెండు చేతులూ వేద్దామంటే చిన్న పిడి మీద రెండో చేతికి చోటు లేదు.

"సుత్తిని బొటనవేలితో వెనక్కి లాగి నొక్కితే తేలిగ్గా వస్తుంది మేడమ్."

లాగబోయింది. బొటనవేలు జారింది. బస్టాండు తోపులాటలో ఇంత తీరిక ఎవడిస్తాడని ఆవిడకు ఒళ్ళు మండింది. "లైసెన్సు కోసం ఇచ్చిన శిక్షణలో బాగానే కాల్చానే" అంది.

"అక్కడ ఇచ్చేది పొడుగు రైఫిలు మేడమ్. అది వేరు."

పెద్దది తీసి ఇచ్చాడు. పిడి మీద రెండు చేతులూ నిండుగా పట్టాయి. టక్కుమని కదిలింది. ఇంకోసారి నొక్కింది, ఇంకోసారి. ఆరుసార్లూ కదిలింది. నాగరత్నం దాన్ని బల్ల మీద పెట్టి కాసేపు గోడ వైపు చూస్తూ కూర్చుంది. జమలయ్య తోడిన మూడు గ్రాములు, తోమాసు నాలుగు కుట్లు, నెల రోజుల రైలు ప్రయాణాలు, అన్నీ ఆ గోడ మీద కనిపించాయి.

"కాటా అబద్ధం చెప్పదంటావుగా" అన్నాడు మాస్టారు, మెల్లగానే.

"చెప్పలేదండి. బరువు అడిగాను, బరువే చెప్పింది."

తొంభై కాసులది కొంది.

లంగా మళ్ళీ తోమాసు దగ్గరికి వెళ్ళింది. చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "ఇల్లు కట్టాక ఏనుగుని కొన్నారమ్మా" అని, అంతా విప్పి, భుజాల మీదికి పట్టీలు వేసి కొత్తది కుట్టాడు. "కుడిపక్క బరువుకి సరిపడా బిగించాను. అది తీసేస్తే మాత్రం ఎడమకి జారుద్ది, చూసుకోండి." పదిహేను రోజులు నడుము నెప్పితో ఇల్లంతా తిరిగింది. పదహారో రోజు నెప్పి పోయింది. ఆ కబురు ఎలా చేరిందోగానీ, చెరుకుపల్లి నుంచి రాజరాజేశ్వరి ఫోను చేసింది. రెండున్నరేళ్ళ తరవాత.

"తుపాకీ కొన్నావంటగా వదినా. మా చిన్నదానికి హారం చెయ్యాలి. వచ్చి పాత గొలుసులు పట్టుకెళ్ళు."

నాగరత్నం వెళ్ళింది, తెచ్చింది, చేయించింది. హారం తయారైంది. ఆదివారం నిశ్చితార్థం, శుక్రవారం తీసుకెళ్ళాలి. గురువారం పొద్దున, ఎంక్వైరీకి వచ్చిన కానిస్టేబులే గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎన్నికల కోడ్ వచ్చిందమ్మా. లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో పెట్టాలి."

"రేపు ఒక్కరోజు ఆగితే సాయంత్రం నేనే తెచ్చి ఇస్తానండి."

"కుదరదమ్మా."

"అలవాటవడానికే పదహారు రోజులు పట్టిందండి."

"కోడ్ అవగానే ఇచ్చేస్తారమ్మా" అన్నాడు, తనే దాచేసుకుంటాడని ఆవిడ అన్నట్టు మొహం పెట్టి. స్టేషన్లో చీటీ కట్టి లోపల పెట్టి, కాగితం చేతికిచ్చారు.

శుక్రవారం లంగా కట్టుకుని ఎడమ అరలో హారం పెట్టింది. కుడివైపు ఖాళీ. తోమాసు చెప్పినట్టే పట్టీ పైకి లేచి, ఎడమవైపు కిందికి జారి, బంగారం సంచి తొడ మీదికి దిగింది. ఎంత బిగించినా అంతే. ఆఖరికి విసుగెత్తి, బీరువా మీద నుంచి జమలయ్య చెక్కిన తొంభై కాసుల చెక్కను దించి కుడి అరలో దోపింది. లంగా కుదురుకుంది.

ప్యాసింజర్లో భట్టిప్రోలు దగ్గర జామకాయలావిడ పక్కన కూర్చుంది.

"తుపాకీలన్నీ స్టేషన్లో పెట్టించారంటగా అక్కా. మరి రొంటిన అదేంటి?"

"చెక్క."

"చెక్కదెందుకక్కా?"

"ఇది లేకపోతే లంగా నిలవట్లా."

పెట్టెలో సగం మంది విన్నారు. నాగరత్నం రేపల్లె దాకా రెండు చేతులూ ఎడమ అర మీద పెట్టుకుని, దగ్గరికొచ్చిన ప్రతివాడి మొహంలోకీ చూస్తూ కూర్చుంది. చెరుకుపల్లి బస్సులోనూ అంతే. ఎవరూ ఏమీ చెయ్యలేదు. ఆవిడ జాకెట్టు మాత్రం చెమటతో తడిసిపోయింది.

రాజరాజేశ్వరి హారాన్ని కాటాలో పెట్టి చూసింది. సరిగ్గా ఉంది. బల్ల మీద ఇంకో మూట ఉంది, విప్పబోయి ఆగింది.

"ఈ గాజులు కూడా మార్పిద్దామనుకున్నా. తుపాకీ స్టేషన్లో పెట్టారంట కదా. కోడ్ అయ్యాక ఇస్తాలే వదినా."

నాగరత్నం లేవబోయినదల్లా మళ్ళీ కూర్చుంది.

"ఇరవై రెండేళ్ళు మీరు బంగారం ఇచ్చింది నాకు. తుపాకీకి కాదు. ఇవాళ ఈ హారం తుపాకీ లేకుండానే వచ్చింది, మీరే తూచుకున్నారు. బ్యాగు పోయినప్పుడు మీరు నన్ను తిట్టి ఉంటే నాకింత కష్టం ఉండేది కాదు వదినా. ఇవ్వాలనుకుంటే ఇప్పుడివ్వండి. లేదంటే కోడ్ అయ్యాక స్టేషన్‌కెళ్ళి ఆ తుపాకీకే ఇచ్చుకోండి."

రాజరాజేశ్వరి మూట తీసి ఆవిడ చేతిలో పెట్టింది. కాటాను దగ్గరికి లాక్కోబోయి, మళ్ళీ వెనక్కి నెట్టేసింది.

నాగరత్నం మూటను రెండుసార్లు ఎగరేసింది. "గుడ్డతో కలిపి నలభై తొమ్మిది గ్రాములు. గుడ్డ ఏడు" అంది. ఎడమ అరలో దోపుకుని లేస్తుంటే, కుడివైపు చెక్క పక్కటెముకల్లో పొడిచింది.