పసుపు రాసిన పలుపు

తాడేపల్లిగూడెంలో మంగాదేవి నోటికి భయపడనివాడు లేడు. మొగుడు పోయాక పెళ్ళిళ్ళకు గుర్రాన్ని తిప్పే పని తానే చేపట్టింది. కళ్ళెం పట్టుకుని బ్యాండు ముందు ఆవిడ నడుస్తుంటే, పైన కూర్చున్న పెళ్ళికొడుకు కూడా ఒళ్ళు దగ్గర పెట్టుకునేవాడు. అది తెల్లటి ఆడగుర్రం, పేరు మల్లి.

ఇప్పుడు పెళ్ళికొడుకులు పూలు కట్టిన కార్లెక్కుతున్నారు. మల్లికేమో తారు రోడ్ల మీద ఎగిరి ఎగిరి కాళ్ళ కీళ్ళు పాడయ్యాయి. కుంటి గుర్రాన్ని శుభకార్యానికి ఎవరు పిలుస్తారు? కోతకు అడిగేవాళ్ళు మాత్రం గుమ్మం ముందు తయారు. కొల్లేటి వైపు కొన్ని దొంగ చెరువుల్లో మాంసం తినే చేపల్ని పెంచుతారు. పనికిరాని జంతువేదైనా వాటికి మేతే. ఆ మాట ఎత్తినవాడినల్లా మంగాదేవి చీపురు తిరగేసి తరిమింది.

ఏలూరు నుంచి జంతువుల సంఘం అమ్మాయి అఖిల వచ్చింది. ఫోనులో మల్లిని వీడియో తీస్తూ, "కోతకు మాత్రం ఇవ్వకండి ఆంటీ, పాపం" అంది.

"ఇవ్వనమ్మా. మరి మీరు తీసుకెళ్తారా?"

"మా షెల్టరు కుక్కలకే చాలట్లేదండీ."

"అయితే నాకు పాపం గురించి చెప్పడానికి ఇంత దూరం ఎందుకొచ్చినట్టు?" అని మంగాదేవి విసురుగా లోపలికి పోయింది. ఆ పిల్ల తన నంబరు రాసిన చీటీ అరుగు మీద పెట్టి వెళ్ళింది.

ఆ తర్వాత వచ్చాడు జగ్గారావు, కొల్లేటి వైపు చెరువుల ఆసామి. చేతిలో పసుపు రాసిన కొత్త పలుపుతాడు. మంగాదేవి వాళ్ళలో ఒక పద్ధతుంది. గుర్రాన్ని ఇచ్చేటప్పుడు పాత పలుపు ఇంట్లోనే ఉంచుకుంటారు. పెంచుకునేవాడు పసుపు రాసిన కొత్తది తెచ్చుకుంటాడు. కోతకు పట్టుకెళ్ళేవాడు తేడు. అంత పాపానికి పసుపు ముట్టించడానికి వాడికీ భయమే.

"గట్టు మీద బోలెడు గడ్డుందండీ. దాని మానాన అది మేస్తుంది" అన్నాడు జగ్గారావు.

ఊళ్ళో అందరినీ నిలదీసే మనిషి వాణ్ణి ఒక్క ప్రశ్న అడగలేదు. పలుపు చూసి మల్లిని ఇచ్చేసింది.

బ్యాండులో డోలు వాయించే దుర్గారావు ఆ వైపు పెళ్ళికి వెళ్ళొచ్చి చెప్పాడు. "అక్కా, మల్లి గట్టు మీద లేదు. షెడ్డు వెనకాల పడుంది."

మంగాదేవి అఖిల నంబరు చీటీ కొంగున ముడేసుకుని, ఉన్నపళంగా ఆటో ఎక్కింది. షెడ్డు వెనక కంపు, ఈగలు. మోకాళ్ళు చీరుకుపోయి మల్లి పడి ఉంది. కోసేదానికి నీళ్ళెందుకనుకున్నారో ఏమో, ముందు చుక్క నీళ్ళు లేవు. షెడ్డు గోడకి మేకు, ఆ మేకుకి పసుపు రాసిన కొత్త పలుపులు గుత్తిగా వేలాడుతున్నాయి.

"ఒరేయ్ జగ్గారావూ! నీ చేతులు పడిపోను! పసుపుతో మోసం చేస్తావురా?"

"అరవకండి. కుంటిదాన్ని వదిలించుకున్నది మీరు కాదేంటండీ?"

ఆ మాట నిజమని మంగాదేవికి తెలుసు. మల్లికి నీళ్ళు పట్టి, అఖిలకు ఫోను చేసింది.

అఖిల పశువుల డాక్టర్ని వెంటబెట్టుకొచ్చింది. ఆయన కాళ్ళు తడిమి చూశాడు. "ఇది ఇక లేవదమ్మా. వ్యానెక్కిస్తే దారంతా నరకమే. ఇంజెక్షనిస్తే నొప్పి లేకుండా పోతుంది."

"చంపేస్తారా? ఇందుకా నేనొచ్చింది?" అంది అఖిల.

"కోత వేరు, ఇది వేరు. ఆ తేడా తెలియకపోతే అవతలికి పో. తెలిస్తే ఫోను లోపల పెట్టి మల్లి తల పట్టుకో" అంది మంగాదేవి.

అఖిల ఏడుస్తూనే పట్టుకుంది. మంగాదేవి గొంతు విని మల్లి లేవబోయింది. "లేవకే తల్లీ, పడుకో" అంటూ ఆవిడ దాని మెడ నిమురుతూనే ఉంది, ఊపిరి ఆగేదాకా.

జగ్గారావు దగ్గరకొచ్చాడు. "పోయిందిగా. ఇక మీరు వెళ్ళండి, మావాళ్ళు చూసుకుంటారు."

డాక్టరు సంచి సర్దుకుంటూ అన్నాడు. "చెరువులో వేశావో, ఆ మందు నీ చేపల్నీ వదలదు."

జగ్గారావు మొహం మాడిపోయింది. మంగాదేవి కొంగు బిగించింది. "విన్నావుగా. పార పట్టుకురా. నువ్వే తవ్వు. లేదంటే నీ దొంగ చెరువుల సంగతి ఈ డాక్టరే పైకి రాస్తాడు."

పనివాళ్ళు ఎటో చూస్తూ నిలబడ్డారు. ఎర్రటి ఎండలో జగ్గారావు తవ్వాడు. ఆవిడ పక్కనే కూర్చుని వాణ్ణి తిడుతూనే ఉంది. మధ్యమధ్య తననీ తిట్టుకుంది.

"చాలాండీ?" అన్నాడు చెమటలు కక్కుతూ.

"నాకు చాలదురా. తవ్వు" అంది.