పెళ్ళికొడుకు గదిలో ఏసీ

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, ఊరంతటికీ ఇంటర్నెట్‌ని నేనొక్కదాన్నే భుజాన మోస్తున్నానని గట్టిగా నమ్మేదాన్ని. పాలకొల్లులో కేబుల్, ఇంటర్నెట్ కనెక్షన్లిచ్చే చిన్న ఆఫీసు మాది. యజమానిని ఊరంతా కేబుల్ బాబాయ్ అనేవారు, నేనూ అలాగే అనేదాన్ని. మేడ మీద అద్దాల గదిలో సర్వర్లు, వాటికి ఒకే ఒక్క ఏసీ. (రెండోది కొందామండీ అంటే "వచ్చే వేసవికి చూద్దాంలేమ్మా" అనేవారు. వేసవిలో అడిగినా అదే మాట.)

రోహిణి కార్తెలో, సరిగ్గా క్రికెట్ ఫైనల్ నాటి మధ్యాహ్నం ఆ ఏసీ గుర్రుమని ఆగిపోయింది. మెకానిక్ విప్పి చూసి, "కంప్రెసర్ పోయిందండి, రేపటికి గానీ రాదు" అన్నాడు. సర్వర్లు కీచుమని అరవడం మొదలెట్టాయి. ఇంకాస్త వేడెక్కితే వాటంతటవే ఆగిపోతాయి, మ్యాచ్ వేళకి ఊరంతా మా మీదకొస్తుంది. నేను తలుపులు బార్లా తెరిచి రెండు ఫ్యాన్లు పెట్టాను. బయటి వడగాలి కూడా వచ్చి లోపల చేరింది. (ఇంజనీరింగ్‌లో నాకు డిస్టింక్షన్.)

అప్పుడు బాబాయ్‌కి తట్టింది, వెనక వీధి కల్యాణమండపంలో పెళ్ళికొడుకు గదికి చక్రాల ఏసీ అద్దెకు తెచ్చారని. ఇద్దరం పరుగెత్తాం. మేము నోరు తెరిచేలోపే పెళ్ళికూతురి తండ్రి "ముందు భోంచేయండి, తర్వాత మాట్లాడుకుందాం" అని ఆకుల ముందు కూర్చోబెట్టేశారు. కుడిచేతిలో పూర్ణం, ఎడమచేతిలో ఫోను, ఫోనులో సర్వర్ల గది వేడి చూపించే అంకె పైపైకి. "అమ్మాయి మొహమాటపడుతోంది, ఇంకోటి వెయ్యండి" అంటున్నారాయన. తింటూనే సంగతి చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది.

"మగపెళ్ళివారి గదిలో ఏసీ తీసెయ్యమని నేనెలా అడగనమ్మా? పెళ్ళి ఆగిపోద్ది."

చెయ్యి కడుక్కుని నేనే వెళ్ళాను. పెళ్ళికొడుకు మేనమామ గుమ్మంలోనే అడ్డం నిలబడ్డారు. "పెళ్ళికొడుకు గదిలో ఏసీ పట్టుకుపోతారా? మర్యాదంటే ఇదేనాండి?"

దారిలో సిద్ధం చేసుకున్న సాంకేతిక వివరణంతా ఎగిరిపోయింది. "అది కాదండి, ఇవ్వకపోతే సాయంత్రం ఊళ్ళో ఎవరికీ మ్యాచ్ రాదండి" అనేశాను.

లోపల్నుంచి పెళ్ళికొడుకు గొంతు వినిపించింది. "మావయ్యా, పీటల మీద ఎలాగూ చెమటలు పడతాయి కదా, ఇచ్చేద్దాం."

"పట్టండ్రా" అని మేనమామే ముందు చెయ్యేశారు. పట్టుపంచెల కుర్రాళ్ళంతా దాన్ని మా మేడ ఎక్కించారు. నేను ఆ హడావుడిలో వేడిగాలి గొట్టాన్ని కిటికీలోంచి బయటకు పెట్టడం మరిచి స్విచ్ వేశాను. "అమ్మా, వేడంతా నా మొహం మీదకే కొడుతోంది" అన్నారు బాబాయ్, చాలా ఓపిగ్గా. గొట్టం బయటకు పెట్టాక అందరం ఆ అంకెనే చూస్తూ నిలబడ్డాం. ఒక్క డిగ్రీ తగ్గేసరికి మేనమామ ఈల వేశారు. మ్యాచ్ ఆగకుండా వచ్చింది, పెళ్ళీ ఆగకుండా జరిగింది.

కొన్నాళ్ళకి ఆ పెళ్ళికూతురు కొత్త కాపురానికి కనెక్షన్ కోసం భర్తతో ఆఫీసుకొచ్చింది. "వీడియో చూసినవాళ్ళంతా, తాళి కట్టేటప్పుడు మీ ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడే, ఎంత ప్రేమో అంటున్నారండి. అది చెమటని చెప్పకుండా నేనూ అవునంటున్నాను" అంది. ఆయన గోడ మీది క్యాలెండర్‌ని శ్రద్ధగా చూస్తున్నాడు.

ఇప్పుడు నేను పనిచేసే పెద్ద డేటా సెంటర్‌లో ఒక ఏసీ ఆగితే మరొకటి దానంతటదే అందుకుంటుంది. నాకొక మెయిల్ వస్తుంది, అంతే. ఎవర్నీ బతిమాలక్కర్లేదు, ఎవరూ ఆకు ముందు కూర్చోమనరు. అలాంటి మెయిల్ వచ్చినప్పుడల్లా, ముక్కూమొహం తెలియని పెళ్ళివారి గదికి తిన్నగా వెళ్ళి ఏసీ అడిగిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. ఇప్పుడైతే నాకంత ధైర్యం ఉండదు. పెళ్ళికొడుక్కి ముందు ఒక మెయిల్ పెట్టి, జవాబు కోసం కూర్చునేదాన్ని.